ఘాట్‌ రోడ్డు మీద ఎవరూ కొలవని పొగ

సంపాదకుల వారికి,

నమస్కారాలు. తిరుమల ఘాట్‌ రోడ్లపై పొగ కక్కుతూ పోయే పాత వాహనాలను ఆపాలని కోరుతూ పాఠకులు రాస్తున్న ఉత్తరాలు మీ పత్రికలో చదువుతున్నాను. వారి ఆవేదన న్యాయమైనదే. అయితే ఆ ఉత్తరాల్లోనూ, వాటికి వస్తున్న సమాధానాల్లోనూ ఒకటే నమ్మకం కనిపిస్తోంది: సైలెన్సర్‌ నుంచి నల్లపొగ వస్తే కాలుష్యం ఉన్నట్టు, రాకపోతే బండి శుభ్రంగా ఉన్నట్టు. మన పొల్యూషన్‌ సర్టిఫికెట్ల విధానం కూడా చాలావరకు ఈ నమ్మకం మీదే నడుస్తోంది. కళాశాలలో రసాయన శాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిగా, ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

ముడి చమురు ఒకే పదార్థం కాదు. కోట్లాది సంవత్సరాల కిందట సముద్రాల అడుగున పేరుకున్న సూక్ష్మజీవుల అవశేషాలు వేడికీ ఒత్తిడికీ మార్పు చెందగా ఏర్పడిన అసంఖ్యాకమైన హైడ్రోకార్బన్ల మిశ్రమం అది. దాని బరువులో 83 నుంచి 87 శాతం కర్బనం, 10 నుంచి 14 శాతం ఉదజని ఉంటాయి. మిగిలిన కొద్ది భాగంలో గంధకం, నత్రజని, ఆమ్లజని, అతి స్వల్పంగా లోహాలు ఉంటాయి. రిఫైనరీలో దాన్ని కాచి, మరిగే ఉష్ణోగ్రతల తేడాను బట్టి వంటగ్యాసు, పెట్రోలు, కిరోసిన్‌, డీజిల్‌ మొదలుకొని అడుగున మిగిలే తారు వరకు వేరు చేస్తారు. ఆ లెక్కన ఘాట్‌ రోడ్డు మీద పరిచిన తారు, దాని మీద మూలుగుతూ ఎక్కే జీపులోని డీజిల్‌ ఒక తల్లి బిడ్డలే. మన దేశం వాడుకునే ముడి చమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచే వస్తుంది కాబట్టి, ఇక్కడ వృథాగా మండే ప్రతి లీటరుకూ మనం రెండుసార్లు మూల్యం చెల్లిస్తున్నాం: ఒకసారి డాలర్లలో, మరోసారి ఊపిరితిత్తులతో.

ఒక లీటరు డీజిల్‌ బరువు సుమారు 835 గ్రాములు. అది పూర్తిగా మండితే వెలువడే బొగ్గుపులుసు వాయువు మాత్రం 2.6 కిలోలకు పైమాటే. ఈ లెక్క తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు ఒప్పుకునేవారు కాదు. తక్కువ బరువులోంచి ఎక్కువ బరువు ఎలా పుడుతుందని వాదించేవారు. మండేటప్పుడు డీజిల్‌లోని ఒక్కో కర్బన పరమాణువు గాలిలోని రెండు ఆమ్లజని పరమాణువులతో కలుస్తుంది కాబట్టి, ఆ అదనపు బరువంతా గాలి నుంచి వచ్చినదే. పెట్రోలుకైతే లీటరుకు 2.3 కిలోలు. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. ఇంజన్‌ను ఎంత బాగా సర్వీసు చేయించినా ఇది తగ్గదు. ఇంధనం ఎంత పూర్తిగా మండితే ఇది అంత ఎక్కువగా వస్తుంది.

ఇప్పుడు ఘాట్‌ రోడ్డు సంగతి చూద్దాం. తిరుపతికీ తిరుమలకూ మధ్య ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. ప్రయాణికులతో కలిపి 15 టన్నులు తూగే బస్సును అంత ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి దాదాపు 10 కోట్ల జౌళ్లు. లీటరు డీజిల్‌లో మూడున్నర కోట్ల జౌళ్లకు పైగా శక్తి ఉన్నా, ఇంజన్‌ అందులో మూడోవంతు కంటే పెద్దగా చక్రాలకు అందించలేదు. మిగిలినదంతా వేడిగా పోతుంది. అంటే చక్రాల రాపిడినీ, మలుపులనూ, ముందు బండి కోసం ఆగడాన్నీ లెక్కలోకి తీసుకోకుండా, కేవలం బరువును పైకి ఎత్తడానికే 8 లీటర్ల డీజిల్‌ మండాలి. తిరిగి దిగేటప్పుడు ఆ శక్తి ఏమవుతుంది? బ్రేకుల్లోనూ ఇంజన్‌లోనూ వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. పైకి ఎక్కించడానికి డీజిల్‌ తగలబెడతాం, కిందికి దించేటప్పుడు బ్రేకులు అరగదీస్తాం. 1944లో మొదటి ఘాట్‌ రోడ్డు, 1974లో రెండోది తెరిచిన నాడు వేరే దారి లేదు, ఇప్పుడు ఉంది. దాని గురించి తర్వాత రాస్తాను.

అసలు చెప్పదలచుకున్నది నత్రజని ఆక్సైడ్ల గురించి. ఇవి ఇంధనంలోని మలినం వల్ల వచ్చేవి కావు. గాలిలో నూటికి 78 పాళ్లు ఉండి, మామూలుగా దేనితోనూ కలవని నత్రజని, ఇంజన్‌ సిలిండరులోని విపరీతమైన వేడికి లొంగి ఆమ్లజనితో కలుస్తుంది. బరువు లాగుతూ కొండెక్కే ఇంజన్‌లో ఆ వేడి ఇంకా పెరుగుతుంది కాబట్టి ఇవీ పెరుగుతాయి. మసి తగ్గాలని దహనాన్ని మెరుగుపరిస్తే సిలిండరులో వేడి హెచ్చి నత్రజని ఆక్సైడ్లు ఎక్కువవుతాయి. వాటిని అణచాలని వేడి తగ్గిస్తే మసి ఎక్కువవుతుంది. డీజిల్‌ ఇంజన్లు తయారుచేసేవారిని దశాబ్దాల పాటు వేధించిన చిక్కు ఇదే. కనుక నల్లపొగ లేని బండి నత్రజని ఆక్సైడ్లను దండిగా వదులుతూ ఉండవచ్చు. ఇవి మన ప్రాంతపు ఎండలో, సగం కాలిన ఇంధనపు ఆవిరులతో కలిసి నేలమట్టంలో ఓజోన్‌ను పుట్టిస్తాయి. గాలిలోనే సన్నని నలుసులుగా మారి, ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరతాయి. డీజిల్‌ ఇంజన్ల పొగ మనుషుల్లో క్యాన్సర్‌ కలిగించేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్‌ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి చెప్పింది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం అన్యాయం. 2000 సంవత్సరం నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. 1990ల మధ్యలో మన డీజిల్‌లో గంధకం 1 శాతం వరకు, అంటే పది లక్షల పాళ్లలో 10,000 పాళ్ల వరకు ఉండేది; 2020 ఏప్రిల్‌ 1 నుంచి భారత్‌ స్టేజ్‌-6 ప్రమాణాలతో అది 10 పాళ్లకు దిగింది. గంధకం తగ్గబట్టే బండ్లకు మసిని పట్టే ఫిల్టర్లు అమర్చడం వీలైంది. పెద్ద డీజిల్‌ వాహనాల్లో యూరియా ద్రావణాన్ని పొగలోకి చిమ్మి, నత్రజని ఆక్సైడ్లను తిరిగి మామూలు నత్రజనిగా, నీటి ఆవిరిగా మార్చే ఏర్పాటు కూడా వచ్చింది. కాగితం మీద ఇంతకంటే మెరుగైన చట్టం అడగలేం.

చిక్కు బండి షోరూము దాటిన తర్వాత మొదలవుతుంది. యూరియాకు డబ్బు దండగ అనుకునే యజమానులు కొందరు ఆ ఏర్పాటు పనిచేస్తున్నట్టు బండిలోని కంప్యూటర్‌ను నమ్మించే చిన్న పరికరం పెట్టించుకుంటున్నారు. మసి ఫిల్టరు మూసుకుపోతే శుభ్రం చేయించడానికి బదులు, దాన్ని కోసి లోపలిది తీసేసి పైన మళ్లీ వెల్డింగు చేయించేవారూ ఉన్నారు. ఇలాంటి బండి పొల్యూషన్‌ చెకింగ్‌కు వెళితే ఏమవుతుందో చూడండి. పెట్రోలు బంకు పక్కన ఆగిన వ్యాన్‌లోంచి కుర్రవాడు గొట్టం పట్టుకుని దిగుతాడు. డీజిల్‌ బండి అయితే గేరు న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటరును కొన్నిసార్లు చివరికంటా తొక్కిస్తారు. పొగ ఎంత చిక్కగా ఉందో, దానిలోంచి వెలుతురు ఎంత దూరుతోందో యంత్రం చూస్తుంది. పెట్రోలు బండి అయితే కార్బన్‌ మోనాక్సైడును, మండకుండా మిగిలిన హైడ్రోకార్బన్లను కొలుస్తుంది. నంబరు ప్లేటు ఫొటో తీస్తారు, కాగితం చేతికిస్తారు. నత్రజని ఆక్సైడ్ల గడి ఆ కాగితంలోనే లేదు. ఒకవేళ ఉన్నా, బరువు లేకుండా న్యూట్రల్‌లో తిరిగే ఇంజన్‌కూ మలుపులో మొదటి గేరులో పెనుగులాడే ఇంజన్‌కూ పోలికే లేదు. ఇంతకూ ఆ గొట్టాన్ని సైలెన్సర్‌లోకి ఎంత లోతుగా దూర్చాలో అంత దూర్చకుండా, అంచున తగిలించి లాగేయడం ఈ ఊళ్లోనే నా కళ్లారా చూశాను. అంచున బయటి గాలి కలుస్తుంది కనుక అంకెలు ముద్దొచ్చేలా వస్తాయి. ఫిల్టరు కోసేసిన బండి కొన్నిసార్లు పట్టుబడవచ్చు. యూరియా ఆపేసిన బండి మాత్రం ఈ పరీక్షలో ఏనాటికీ పట్టుబడదు. సర్టిఫికెట్‌ లేనివారికి పది వేల రూపాయల వరకు జరిమానా వేసే చట్టం, ఉన్నవారి బండి గట్టు ఎక్కుతూ ఏమి వదులుతోందో అడగడం లేదు.

ఈ గాలిని పీల్చేది ఎవరు? అద్దాలు మూసుకుని ఏసీలో వెళ్లేవారు కాదు. అలిపిరి నుంచి కాలినడకన బయలుదేరిన భక్తులు, గాలిగోపురం దాటాక చాలా దూరం దిగుడు ఘాట్‌ రోడ్డును ఆనుకునే నడుస్తారు. విశ్రాంతిగా కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలిస్తే, మెట్లు ఎక్కేవాడికి అంతకు ఐదారు రెట్లు కావాలి. ముక్కు చాలక నోటితోనూ పీలుస్తాడు. మోకాళ్ల పర్వతానికి ముందు ఆ రోడ్డు అంచున రెండు నిమిషాలు నిలబడితే కాలిన బ్రేకుల ఘాటు గొంతులో తగులుతుంది. అక్కడి పిట్టగోడ మీద వేలితో గీసి చూస్తే అంటుకునేది ఒట్టి దుమ్ము కాదు, నీళ్లతో వదలని జిడ్డు మసి. ఒకరోజు యాత్రకు వచ్చినవారికి ఇది కొన్ని గంటల బాధ. మలుపుల్లో పనిచేసే పారిశుద్ధ్య కార్మికులకు, అలిపిరిలో తనిఖీలు చేసే భద్రతా సిబ్బందికి, టెంకాయలు, పూలు అమ్ముకునేవారికి రోజూ ఇదే గాలి. చలికాలం తెల్లవారుజామున కొండ పాదాన గాలి కదలదు. చల్లని పొర నేలను అంటి ఉండి పొగను పైకి పోనివ్వదు. కొండెక్కే వాహనాల వరుస బారుగా ఉండేది కూడా సరిగ్గా ఆ వేళకే.

2022 సెప్టెంబరులో ఆర్టీసీ విద్యుత్‌ బస్సులు కొండకు తిరగడం మొదలైనప్పుడు, కరెంటు కూడా బొగ్గు కాల్చి తీసేదే కదా అని పెదవి విరిచినవారున్నారు. వారి మాటలో నిజం లేకపోలేదు. ముద్దనూరులోనో కృష్ణపట్నంలోనో బొగ్గు మండించి తీసిన విద్యుత్తుతోనే బస్సును పైకి ఎక్కిస్తే, ఆ ఎక్కుడులో బొగ్గుపులుసు వాయువు డీజిల్‌ బస్సు కంటే తగ్గకపోవచ్చు, కొంత ఎక్కువే కావచ్చు. లాభం తిరుగు ప్రయాణంలో ఉంది. దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి, బ్రేకుల్లో వేడిగా పోవలసిన శక్తిలో మంచి భాగాన్ని బ్యాటరీకి తిరిగి చేరుస్తుంది. చదును నేల మీద కంటే కొండదారిలోనే విద్యుత్‌ వాహనానికి న్యాయం ఎక్కువ జరుగుతుంది. బ్రేకులు అంతగా అరగవు కాబట్టి ఆ లోహపు పొడీ తగ్గుతుంది. టైర్ల పొడి మాత్రం అలాగే ఉంటుంది. బ్యాటరీ బరువు వల్ల కాస్త పెరిగినా ఆశ్చర్యం లేదు. ఏదేమైనా, థర్మల్‌ కేంద్రపు పొగగొట్టం నడిచే భక్తుడి ముక్కుకు రెండు మూర్ల దూరంలో లేదు.

బస్సులతో పని మొదలైంది గాని, రోజంతా ఎక్కి దిగే టాక్సీలు, జీపులు ఇప్పటికీ ఎక్కువగా డీజిల్‌ మీదే తిరుగుతున్నాయి. ఒక్క ఉత్తర్వుతో వాటిని ఆపేయమని నేను కోరను. అప్పు చేసి బండి కొనుక్కుని, నెల నెలా కిస్తీలు కట్టుకుంటున్న కుటుంబాల బతుకుదెరువు అది. ఢిల్లీలో బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని పర్యావరణ న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1998లో ఆదేశించాక, అది అమలు కావడానికి 2002 దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో గ్యాసు కోసం పడిగాపులు కాసి నలిగిపోయినవారిలో డ్రైవర్లే ఎక్కువ. ఇక్కడ గడువు ముందే ప్రకటించి, బ్యాంకు రుణం, కొండ కిందా పైనా ఛార్జింగ్‌ స్థలాలు చూపి, కొత్తగా పర్మిట్‌ కోరే టాక్సీలతో మొదలుపెట్టి విద్యుత్తుకు మార్చడం అంత కష్టమేమీ కాదు.

దీనికంటే ముందు, ఖర్చు లేకుండా రేపే చేయగలిగినది ఒకటి ఉంది. అలిపిరి టోల్‌గేట్‌ వద్ద వాహనాల వరుస కదలకుండా ఉన్నంతసేపూ ఇంజన్లు ఆపించాలి. ఏసీ కోసం బండిని అలా నడుపుతూ కూర్చోవడం మనకు అలవాటైపోయింది. నిలబడి తిరిగే ఇంజన్‌ పొగ చల్లబడుతుంది. వేడి సుమారు 200 డిగ్రీల కంటే తగ్గితే యూరియా చిమ్మే ఏర్పాటు పనిచేయదు. అంటే అన్నీ సక్రమంగా ఉన్న కొత్త బండి కూడా ఆ వరుసలో నిలబడి, శుద్ధి కాని వాయువును పక్కనున్న సిబ్బంది ముఖాన వదులుతుంది. తనిఖీకి పది బండ్లను ఒక జట్టుగా పిలిచి, వెనుకవారిని ఇంజన్‌ ఆపి కూర్చోమనడానికి ఒక బోర్డు, ఒక మైకు చాలు.

చిత్తూరు విషయం కూడా ప్రస్తావించాలి. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద, గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోలేనివిగా గుర్తించిన నగరాల్లో మన రాష్ట్రానివి 13. వాటిలో చిత్తూరు ఉంది, తిరుపతి లేదు. ఆ జాబితాకు ప్రధాన ప్రాతిపదిక పీఎం-10, అంటే కాస్త పెద్ద ధూళి కణాల లెక్క. అందుకే ఆ నిధుల్లో ఎక్కువ భాగం రోడ్లు ఊడ్చే యంత్రాలకూ నీళ్లు చల్లడానికీ పోతోంది. బెంగళూరు, చెన్నైల మధ్య చిత్తూరు మీదుగా పోయే లారీల నుంచి వచ్చే నత్రజని ఆక్సైడ్లు నీళ్లు చల్లితే అణగవు. జాబితాలో లేనందుకు తిరుపతి సంతోషించవలసిన పనీ లేదు. ఆ కార్యక్రమం చూసిన కొలత వేరు, కొండదారి మీద కావలసిన కొలత వేరు.

సర్టిఫికెట్‌ పరీక్షలో నత్రజని ఆక్సైడ్లను చేర్చాలంటే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 115వ నిబంధన మారాలి. అది ఢిల్లీలో తేలవలసిన పని కాబట్టి తిరుపతి, చిత్తూరు పార్లమెంటు సభ్యులు ఆ ప్రశ్నను సభలో అడగాలని కోరుతున్నాను. నిబంధన మారే దాకా ఆగనవసరం లేని పని జిల్లా రవాణా అధికారుల చేతిలోనే ఉంది: కొండకు వెళ్లే వాణిజ్య వాహనాల్లో కొన్నింటిని అలిపిరి వద్ద పక్కకు తీసి, యూరియా ట్యాంకు నిండి ఉందా, ఫిల్టరుపై వెల్డింగు ఆనవాళ్లు ఉన్నాయా, బండి కంప్యూటర్‌లో దోషాలు నమోదయ్యాయా అని చూడటం. ఒక మెకానిక్‌కు బండికి పావుగంట పని అది. ఈ తనిఖీలు ఇప్పటికే జరుగుతూ ఉంటే, ఎన్ని బండ్లు చూశారో, ఎన్నింటిలో లోపాలు దొరికాయో మీ పత్రిక ద్వారా వెల్లడించవలసిందిగా సంబంధిత అధికారులను మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
కొర్లగుంట, తిరుపతి.