మంత్రి గారూ, "లేదు" అనైనా చెప్పించండి

కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. మాది తెనాలి. పదకొండేళ్లు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. ఒక సోమవారం పొద్దున మీటింగ్ అని పిలిచి పావుగంటలో లాప్‌టాప్ తీసేసుకున్నారు. అప్పటికి నాకు ముప్పై ఆరు, ఇప్పుడు ముప్పై ఎనిమిది. ఈ రెండేళ్లలో ఏం జరిగిందంటే ఏమీ జరగలేదు, ఆ జరగకపోవడం గురించే ఈ ఉత్తరం.

ఉద్యోగం ఇప్పించమని రాయట్లేదు. అలాంటి అర్జీలు మీకు బస్తాలకొద్దీ వస్తాయని తెలుసు.

పొద్దున లేవగానే జాబ్ పోర్టల్ తెరిచి ప్రొఫైల్లో ఒక ఫుల్‌స్టాప్ తీసేస్తాను, మర్నాడు మళ్లీ పెడతాను. కొత్తగా మార్చిన ప్రొఫైళ్లే హెచ్ఆర్ వాళ్లకి పైన కనిపిస్తాయని ఎవరో చెప్పారు, నిజమో కాదో, మానేయాలంటే భయం. రెజ్యూమే అప్‌లోడ్ చేశాక అందులో ఉన్నదంతా మళ్లీ గళ్లలో టైపు చేయమంటారు. 'ప్రస్తుత జీతం' అనే గడి ఖాళీగా వదిలితే ముందుకి పోదు, సున్నా వేస్తే ఎర్రగా తప్పు చూపిస్తుంది, ఇక చేసేదేంలేక పాత జీతమే వేసి దొంగతనం చేసినవాడిలా కూర్చుంటాను. లెక్క రాసుకుంటున్నా కాబట్టి చెప్తున్నా: 612 దరఖాస్తులు. ఇంటర్వ్యూ దాకా వెళ్లినవి 9. 'ఎంపిక కాలేదు' అని మెయిల్ వచ్చినవి 41, అవీ అర్ధరాత్రి రెండింటికి మెషిన్ పంపినవే. మిగతావాటి నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఆ తొమ్మిదిలో చివరిదాని సంగతి చెప్పాలి. వీడియో ఇంటర్వ్యూ అన్నారు. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. అమ్మ గ్రైండర్ ఆపేసింది. నాన్న గేటు దగ్గర నిలబడి కూరగాయల బండివాణ్ణి ఒక్క అరగంట మైకు కట్టేయమని బతిమాలాడు. తీరా తెరిస్తే తెరమీద నా మొహమే ఉంది. పక్కన ప్రశ్న, దాని కింద రెండు నిమిషాల నుంచి వెనక్కి పరిగెత్తే గడియారం. మనం కెమెరాకి చెప్పుకుపోవాలి, అదే రికార్డు చేసుకుంటుంది. 'మీ కెరీర్‌లో గ్యాప్ ఎందుకు వచ్చింది' అన్న ప్రశ్నకి నా మొహం చూసుకుంటూ నాకే సంజాయిషీ చెప్పుకున్నాను. బయటికి రాగానే నాన్న, "ఏమన్నార్రా?" అన్నాడు.

"ఏమీ అన్లేదు నాన్నా. అవతల ఎవరూ లేరు."

"ఎవరూ లేకుండా ఇంటర్వ్యూ ఏంట్రా!"

నాకూ తెలీదు అన్నాను.

అసలు బాధ ఎక్కడంటే, లేదు అని చెప్తే ఆ రాత్రి ఏడ్చి మర్నాడు ఇంకోటి చూసుకుంటాం, చెప్పకపోతే అది పోయిందని నమ్మబుద్ధి కాదు, స్నానానికి వెళ్లినా ఫోన్ కిటికీలో పెట్టుకోవడమే, కొత్త నంబరు మోగిందంటే గుండె దడ, ఎత్తితే పర్సనల్ లోన్ కావాలా సార్ అని. ఇల్లు మా ఆవిడ ప్రైవేటు స్కూల్ టీచరు జీతంతో నడుస్తోంది. అమ్మ ఇరుగుపొరుగుకి 'వాడు ఇంట్లోంచే పని చేస్తాడు' అని చెప్తుంది, నేను విననట్టు ఉంటాను. పోయిన మాఘంలో మేనత్త గారింట్లో పెళ్లికి కడుపునొప్పని మానేశాను, నిజానికి 'ఇప్పుడెక్కడ చేస్తున్నావు' అనే ప్రశ్నకి భయపడి. అత్తయ్య ఒక్క మాటా అడక్కుండా క్యారియర్లో పులిహోర, బూరెలు పంపింది. అవి తింటుంటే గొంతు దిగలేదు. ఓ రాత్రి తట్టుకోలేక మీ ప్రభుత్వమే నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేశాను. ఆవిడ తెలుగులోనే మాట్లాడింది. ఈ రెండేళ్లలో నా మాట చివరిదాకా విన్నది బహుశా ఆవిడే.

ఇంకో తమాషా. వారానికి మూడు గంటలు పక్కింటి అబ్బాయికి లెక్కలు చెప్తున్నాను, నెలకి వెయ్యి ఇస్తారు. లేబర్ ఫోర్స్ సర్వేలో వారం లెక్క ప్రకారం ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా ఉపాధి ఉన్నట్టే. అంటే నేను నిరుద్యోగిని కూడా కాదు! 2023-24 సర్వేలో, అది ఏడాది మీద తీసిన లెక్క, నిరుద్యోగం 3.2 శాతమే అని చదివి నవ్వొచ్చింది. ఆ సర్వే మీ శాఖది కాదు, గణాంకాల శాఖది, అందుకని దాని జోలికి ఎక్కువ వెళ్లను.

మీ శాఖ చేతిలో ఉన్నదే అడుగుతాను. మా నాన్న బీరువాలో ఒక పాత కవరుంది, ఎనభైల్లో ఏదో ఆఫీసు నుంచి వచ్చిన రిగ్రెట్ లెటర్. విచారిస్తున్నాం, మీరు ఎంపిక కాలేదు అని రెండు లైన్లు, కింద సంతకం. టైపు మిషన్, పోస్టు స్టాంపు ఉన్న రోజుల్లో కుదిరింది, ఒక్క నొక్కుతో లక్ష మెయిళ్లు పోయే రోజుల్లో కుదరదా? ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలకి ఖాళీలు తెలియజేయాలని 1959లోనే చట్టం వచ్చింది, ఇప్పుడది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. ఖాళీ ఉందని ప్రభుత్వానికి చెప్పడం గురించి రాశారు గానీ, ఇంటర్వ్యూ చేసిన మనిషికి ఏమైందో చెప్పడం గురించి రాయలేదు.

కెనడాలో ఉన్న మా చిన్నాన్న కొడుకు చెప్పాడు, వాళ్ల ఒంటారియోలో 2026 జనవరి 1 నుంచి ఒక రూలు. పాతికమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉద్యోగులున్న కంపెనీ ప్రకటన ఇచ్చి ఎవరినైనా ఇంటర్వ్యూ చేస్తే, చివరి ఇంటర్వ్యూ అయిన 45 రోజుల్లోపు ఆ ఉద్యోగం మీద నిర్ణయం అయ్యిందో లేదో చెప్పాలి. దరఖాస్తుల వడపోత ఏఐ చేస్తుంటే ఆ ముక్క ప్రకటనలోనే రాయాలి. ఆ ఖాళీ నిజంగా ఉందో లేదో కూడా రాయాలి. మనకీ అలాంటిది పెట్టండి. కోడ్ సవరించడానికి టైం పడుతుందంటే, 2015 నుంచి మీ శాఖే నడుపుతున్న నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉంది కదా, అందులో ప్రకటన వేసే కంపెనీలకి ముందు ఈ షరతు పెట్టి చూడండి.

నాన్న గేటు దగ్గర నిలబడిన ఆ ఇంటర్వ్యూ అయ్యి ఇవాళ్టికి 71 రోజులు.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక మాజీ టెస్టర్