రొయ్య రైతుల సంఘం వార్షిక నివేదిక 2025: మన చెరువు గట్టు, దేశాల మధ్య ఒప్పందాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో సీడ్ (రొయ్య పిల్లలు), మేత ధర, కరెంటు, కాలువ నీరు అనే వరుసలో రాసుకుంటూ వచ్చాం. ఈసారి ఆ వరుస తప్పింది. 2025లో మన సంఘం ఎక్కువ పొద్దు గడిపింది దేశాల మధ్య కుదిరే వాణిజ్య ఒప్పందాలను చదవడంలో. రొయ్యలు పెంచేవాళ్లకు ఆ చదువెందుకని మొదట్లో కొందరు పెద్దలు అడిగారు. అడగడంలో తప్పులేదు. అందుకే ముందుగా ఆ సంగతే చెబుతాను.

ఏప్రిల్ 4 తెల్లవారుజామున మన సభ్యుడొకాయన చెరువులో పట్టుబడి, అంటే పెరిగిన రొయ్యను పట్టే పని. నీళ్లు సగం పైగా తోడేశారు. ట్రేలు గట్టు మీద పేర్చి ఉన్నాయి, ఐస్ దిగింది, కూలీలు వల పట్టుకుని నీళ్లలో నిలబడ్డారు. ముందు రోజు మాట్లాడుకున్న రేటుంది. ఏజెంటుకు ఫోనొచ్చింది. అతను గట్టు చివరిదాకా నడుచుకుంటూ వెళ్లి మాట్లాడి, తిరిగొచ్చి కిలోకు ముప్పై రూపాయలు తగ్గించి చెప్పాడు. "నేనేం చేయనండీ, కంపెనీవాళ్లు అంతే అంటున్నారు" అన్నాడు. సగం తోడిన చెరువులో రొయ్యను ఆపడం ఎవరి తరం? ఆ రైతు తలూపి కాటా వేయించాడు. అమెరికా అధ్యక్షుడు మన దేశపు సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించి అప్పటికి ఒక్క రోజు గడిచింది.

తర్వాతి సంగతులు మీకు తెలిసినవే. వారం తిరక్కుండానే ఆ సుంకాన్ని వాయిదా వేసి 10 శాతం దగ్గర ఆపారు. ఆగస్టు 7 నుంచి 25 శాతం, ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం వేశారు. దీనికితోడు మన రొయ్య మీద అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవకగా అమ్ముతున్నారని వేసేది), 5.77 శాతం కౌంటర్‌వేలింగ్ సుంకం (ప్రభుత్వ సబ్సిడీకి విరుగుడుగా వేసేది). అన్నీ కలిపితే 58 శాతం చుట్టుపక్కలకు చేరింది. అదే అమెరికా ఈక్వెడార్ మీద 15 శాతం, ఇండోనేసియా, థాయిలాండ్‌ల మీద 19, వియత్నాం మీద 20 శాతం వేసింది. మన దేశం 2024-25లో ఎగుమతి చేసిన 7.41 లక్షల టన్నుల శీతల రొయ్యల్లో 3.11 లక్షల టన్నులు అమెరికాకే వెళ్లాయి. ఒకే కొట్టువాడికి పంటలో సగానికి దగ్గరగా పోసి, వాడు తలుపు సగం మూస్తే మన పరిస్థితి ఏమిటో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చూశాం. కొందరు మన సభ్యులు రెండో పంటకు సీడ్ వేయలేదు. లీజు కట్టి చెరువు ఎండబెట్టుకున్న ఇళ్లున్నాయి.

మేనెల మొదటి ఆదివారం నుంచి సంఘం గదిలో కూర్చున్నాం. కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు ఒకరు వచ్చి ఓపిగ్గా వివరించారు. ఆయన మొదట చెప్పిన మాట చాలామందికి కొత్త. అమెరికాలో మన రొయ్యకు ఇన్నాళ్లూ మామూలు దిగుమతి సుంకం సున్నా. అయితే ఆ సున్నా ఏ ఒప్పందంలోనూ మన పేరున రాసిచ్చింది కాదు. అమెరికా అందరికీ పెట్టిన సున్నాలో మనమూ ఉన్నాం, అంతే.

మరి ఒప్పందం ఉన్నవాళ్లకు ఏం జరిగింది? కెనడా, మెక్సికోల మీద కూడా 2025 మార్చిలో 25 శాతం వేశారు. కానీ అమెరికాతో కలిపి ఆ మూడు దేశాల మధ్య ఉన్న ఒప్పందం నిబంధనలకు సరిపోయే సరుకును రెండు మూడు రోజుల్లోనే మినహాయించారు. ఆ కాగితం వాళ్లను కొంత కాచింది. అలాగని కాగితం ఉంటే చాలనుకోవడానికీ లేదు. దక్షిణ కొరియాకు అమెరికాతో 2012 నుంచి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లో ఉంది. అయినా దానికి 15 శాతం తప్పలేదు. ఈ రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టి చూడాలని సభ్యులను కోరుతున్నాను. ఒప్పందం వస్తే బంగారం పండుతుందనే వాళ్లనూ, ఒప్పందాలన్నీ మోసం అనే వాళ్లనూ కూడా.

ఇక అసలు మూలం. ప్రపంచ వాణిజ్యంలో పెద్ద నియమం ఒకటుంది: ఒక దేశానికిచ్చిన రాయితీ ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలన్నింటికీ ఇవ్వాలి. సుంకాలు, వాణిజ్యం మీద 1947లో కుదిరిన గాట్ ఒప్పందంలోనే దీనికి మినహాయింపుగా 24వ అధికరణం పెట్టారు. కొన్ని దేశాలు గుంపుగా కూడి, తమలో తాము దాదాపు మొత్తం వ్యాపారం మీద సుంకాలు ఎత్తేసుకుంటే బయటివాళ్లకు ఆ రాయితీ ఇవ్వక్కర్లేదు. ఆ సందులోంచే ఈ ప్రాంతీయ ఒప్పందాలన్నీ వచ్చాయి. ఇవాళ అమల్లో ఉన్నవి 370కి పైనే. జగదీశ్ భగవతి అనే మన దేశంలో పుట్టిన ఆర్థికవేత్త దీన్ని కలగాపులగమైన స్పగెటీ గిన్నెతో పోల్చారు. మనకైతే చిక్కుపడ్డ వల అంటే వెంటనే తెలుస్తుంది. ఒకే సరుకుకు దేశానికో సుంకం, ఒప్పందానికో నియమం, అన్నింటికీ వేరువేరు ధ్రువపత్రాలు. పెద్ద కంపెనీలు ఆ చిక్కు విప్పుకోవడానికి మనుషుల్ని పెట్టుకుంటాయి. చిన్న ఎగుమతిదారుకు అంత స్తోమత ఉండదు.

1950లో జేకబ్ వైనర్ అనే ఆర్థికవేత్త ఈ గుంపుల వల్ల రెండు రకాల ఫలితాలుంటాయని చెప్పాడు. సుంకం పోయాక చవకగా పండించేవాడి దగ్గర కొత్తగా కొనడం మొదటిది, ఇది వాణిజ్య సృష్టి. రెండోది వాణిజ్య మళ్లింపు: నిజంగా చవకగా ఇచ్చేవాణ్ణి వదిలి, సుంకం లేదన్న ఒక్క కారణంతో గుంపులోనివాడి దగ్గరికి పోవడం. మాస్టారు బల్ల మీద లెక్క వేసి చూపించారు. ఒకడి సరుకు వంద రూపాయలు, దాని మీద 12 రూపాయల సుంకం. ఇంకొకడి సరుకు 108 రూపాయలు, సుంకం లేదు. కొనేవాడు 108 దగ్గరికే పోతాడు. వందకు పండించినవాడు కష్టపడి పండించీ ఓడిపోతాడు. ఆ రోజు వెనక బెంచీలో కూర్చున్న మన కోశాధికారిగారు, "ఐరోపాలో మనం ఆ వంద రూపాయల వాళ్లమేగా" అన్నారు.

కొంతవరకు నిజమే. ఈక్వెడార్ 2017 జనవరి నుంచి ఐరోపా కూటమి ఒప్పందంలో ఉంది. వియత్నాంకు 2020 ఆగస్టు నుంచి ఒప్పందం అమలైంది. మనకు లేదు. చర్చలు 2022లో మళ్లీ మొదలై 2025 చివరిదాకా నడుస్తూనే ఉన్నాయి. ఇక్కడ ఒక విశేషం. మన రొయ్యను వియత్నాం కొని, శుభ్రం చేసి, ప్యాకెట్లు కట్టి పంపుతుంది కదా, అలా ఐరోపాకు సుంకం లేకుండా పంపొచ్చుగా అని ఒక సభ్యుడు అడిగారు. కుదరదు. ఆ ఒప్పందం ప్రకారం వియత్నాంలో పెరిగిన రొయ్యకే రాయితీ. సరుకు ఎక్కడ పుట్టిందన్నదే ముఖ్యం. ఈ 'మూల దేశ నియమం' లేకపోతే రాయితీ లేని దేశాల సరుకంతా రాయితీ ఉన్న దేశం గుమ్మంలోంచే దూరుతుంది.

అయితే ఈక్వెడార్ ఎదుగుదలను ఒప్పందాల ఖాతాలోనే వేస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టు. వాళ్లు పెద్ద చెరువుల్లో పల్చగా సీడ్ వేస్తారు, ఖర్చు తక్కువ. మనం ఎకరాకు లక్షలు లక్షలు పిల్లలు పోసి, ఈహెచ్‌పీ అనే రొయ్యల రోగం వచ్చి ఎదుగుదల ఆగాక మందుల షాపుకు పరిగెడుతున్నాం.

మందుల షాపు మాట వచ్చింది కాబట్టి ఈ ఏడు జరిగిన ఒక సంగతి రాయక తప్పదు. జూలైలో మన సభ్యుడొకరు పట్టుబడికి ముందు చేయించిన పరీక్షలో యాంటీబయోటిక్ అవశేషాలు బయటపడ్డాయి. ఆయన తెలిసి వాడలేదు. పేగు బాగుపడే పౌడరని చెప్పి ఒక షాపువాళ్లు ఇచ్చిన డబ్బాలో ఉంది. డబ్బా మీద ఆ పేరే లేదు. ఐరోపాకు పోవాల్సిన సరుకు ఆగిపోయి, దొరికిన రేటుకు పోయింది. డబ్బా తెచ్చి సంఘం గదిలో బల్ల మీద పెట్టినప్పుడు ఆయన చేతులు వణికాయి. 2016 నుంచి ఐరోపావాళ్లు మన సరుకులో సగం లాట్లను తీసి పరీక్షిస్తున్నారు. రేపు ఒప్పందం కుదిరి సుంకం సున్నా అయినా ఆ పరీక్ష ఉండనే ఉంటుంది.

ఆస్ట్రేలియా దీనికి మంచి ఉదాహరణ. 2016 చివర్లో క్వీన్స్‌లాండ్‌లో లోగన్ నది ఒడ్డు చెరువుల్లో తెల్లమచ్చ రోగం కనిపిస్తే, 2017 జనవరిలో వాళ్లు పచ్చి రొయ్య దిగుమతి ఆపేశారు. తర్వాత కఠినమైన షరతులతో మళ్లీ తెరిచారు. 2022 డిసెంబరు 29 నుంచి మన దేశంతో వాళ్ల ఒప్పందం అమల్లోకి వచ్చింది. అయినా పొట్టు తీయని మన రొయ్యకు తొలి అనుమతి వచ్చిందని మంత్రి నారా లోకేష్ ప్రకటించింది 2025 అక్టోబరులో. ఒప్పందానికీ అనుమతికీ మధ్య దాదాపు మూడేళ్లు. ఐరోపా కూడా సెప్టెంబరులో మన దేశంలోని మరో 102 మత్స్య ఎగుమతి సంస్థలను తన జాబితాలో చేర్చింది. అక్కడా ఒప్పందం లేకుండానే తలుపు కొంచెం తెరుచుకుంది.

బ్రిటన్‌తో ఒప్పందం మీద జూలై 24న సంతకాలయ్యాయి. 2025 చివరికి అమల్లోకి రాలేదు. వచ్చాక మన రొయ్యకు సుంకం పోతుంది. ఆ దేశం ఏటా దిగుమతి చేసుకునే 540 కోట్ల డాలర్ల మత్స్య ఉత్పత్తుల్లో మన వాటా 2.25 శాతమే. వియత్నాం అక్కడ ముందే రాయితీతో ఉంది. ఇది మనకు మేలు చేసే ఒప్పందమని నా అభిప్రాయం. కానీ అమెరికా కొన్నంత బ్రిటన్ కొనదు. ఎంత పెరిగినా ఆ లోటు పూడదు. అమెరికాకు తగ్గిన సరుకు ఈ ఏడు ఎక్కువగా చైనా, వియత్నాం, ఐరోపాల వైపు మళ్లింది. మన కంపెనీలు నిలబడ్డది దానివల్లే.

ఇక ఈ చదువులో మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టిన సంగతి. మనలో చాలా ఇళ్లల్లో చెరువుతోపాటు రెండు గేదెలుంటాయి. ఏలూరు వైపు బంధువులకు పామాయిల్ తోటలున్నాయి. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మన దేశం ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం నుంచి తప్పుకున్నప్పుడు, న్యూజిలాండ్ పాలపొడి ముంచెత్తకుండా ఆగిందని పాలకేంద్రంలో అందరూ సంతోషించారు. ఆ సంతోషంలో నేనూ ఉన్నాను. మనం లేకుండానే 15 దేశాలు కలిసి 2022 జనవరి 1 నుంచి దాన్ని అమలు చేసుకున్నాయి. ప్రపంచ ఉత్పత్తిలో సుమారు 30 శాతం ఆ గుంపుదే. రొయ్య మాత్రమే చూసుకుంటే లోపల ఉండాల్సింది. గేదె వైపు చూస్తే బయటే నయం. మన సంఘం రొయ్య రైతులదే అయినా, పక్క రైతు పాలు పారబోసుకుంటే మన సుంకం తగ్గుతుందనే విన్నపం మీద సంతకం పెట్టకూడదని సెప్టెంబరు సమావేశంలో తీర్మానించాం. ఇద్దరు సభ్యులు వ్యతిరేకించారు, వారి మాట మినిట్స్‌లో యథాతథంగా ఉంది. బ్రిటన్ ఒప్పందంలో పాల ఉత్పత్తులను, డిసెంబరు 22న చర్చలు ముగిశాయని ప్రకటించిన న్యూజిలాండ్ ఒప్పందంలోనూ పాలను పక్కన పెట్టారు. రొయ్యనూ గేదెనూ రెండింటినీ కాపాడుకునే దారి ఉందని దీన్నిబట్టి నమ్ముతున్నాం.

మిగతా పనులు క్లుప్తంగా. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ల మీద జీఎస్టీ సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందే కొన్నవాళ్లు తేడా తిరిగి ఇప్పించమని అడిగారు గాని అది సాధ్యపడలేదు. కాలువ పూడిక విషయంలో రెండుసార్లు అర్జీ ఇచ్చాం, పని సగం అయింది. ఉమ్మడిగా నీటి పరీక్ష చేయించడం కొనసాగుతోంది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

వచ్చే ఏడాదికి కార్యవర్గం పెట్టుకున్న పని ఒక్కటే. ప్రతి చెరువుకూ ఒక పుస్తకం. ఏ హేచరీ సీడ్, ఏ రోజు వేశాం, ఏ మేత, ఏ పౌడర్, ఏ షాపు, బిల్లు నంబరు ఎంత అన్నవన్నీ అందులో రాయాలి. డబ్బాల అడుగున కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు లేకపోతే కొనవద్దు. బిల్లు ఇవ్వని షాపు గడప ఎక్కవద్దు. ఏ దేశంతో ఏ ఒప్పందం కుదిరినా, మన సరుకు మనదేనని, శుభ్రమైనదని చూపించాల్సింది ఈ కాగితంతోనే. రాయడం రాని పెద్దలకు ఇంట్లో చదువుకుంటున్న పిల్లలు సాయం చేయాలి.

పుస్తకాలు అచ్చయి వచ్చాయి. సర్వసభ్య సమావేశం రోజున గది గుమ్మం దగ్గర సంతకం తీసుకుని ఇస్తాం. రెండు చెరువులున్నవాళ్లు రెండు తీసుకోండి. చెరువు నమోదు పత్రం జిరాక్స్ ఒకటి వెంట తెచ్చుకోండి.

ఇట్లు,
కార్యదర్శి