ఆపరేషన్ ఎప్పుడూ ఆడవాళ్లకేనా?

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు తగ్గిపోతున్నారు, ఇంకా కనాలి అనే మాట ఈమధ్య నాయకుల నోట తరచూ వింటున్నాం. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది కూడా. బాగానే ఉంది. కానీ కనమంటున్నది ఎవరిని? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల మధ్య ఉన్న పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. దేశం మొత్తం మీద ఇది 38 శాతమే. ఇక మగవాళ్ల ఆపరేషన్ అంటారా, మన దగ్గర అర శాతం కూడా లేదు.

చిత్తూరు జిల్లా పల్లెల్లో ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరయ్యాను. నేను చూసినంతలో చాలామందికి ఇరవై దాటకముందే పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, రెండోదాంతోనే ఆపరేషన్. పాతికేళ్లకల్లా అంతా అయిపోతుంది. రెండో కాన్పుకొచ్చిన పిల్లను ‘ఏమ్మా, నీకేం కావాలి?’ అని అడిగితే జవాబు అత్త చెప్పేది: ‘దీంతోనే అదీ అయిపోనీ మేడం, మళ్లీ ఎవురు తిరిగేది ఆస్పత్రి చుట్టూ?’ మొగుడు గేటు బయట టీ బంకు దగ్గర ఉంటాడు. సంతకం అంటే లోపలికి వస్తాడు. నిజానికి ఆ సంతకమూ అక్కర్లేదు, చేయించుకునే మనిషి ఒప్పుకుంటే చాలని కేంద్రం మార్గదర్శకాలే చెబుతున్నాయి. ‘పోనీ ఆయనకు చేయిద్దామా?’ అన్నానంటే ఇంటిల్లిపాదీ నా మీదికొచ్చేవాళ్లు. ‘మొగోడికి కోత పెడితే రేప్పొద్దున మూట ఎత్తగలడా?’

మగవాళ్లకు చేసే ఆపరేషన్, అంటే వ్యాసెక్టమీకి ఇప్పుడు కోతా లేదు, కుట్లూ లేవు. అక్కడికి మాత్రమే మత్తిచ్చి చిన్న రంధ్రంతో పని ముగిస్తారు, అదే రోజు ఇంటికి పంపేస్తారు. వారం తర్వాత మూటలూ ఎత్తొచ్చు. మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్య పరీక్ష చేయించుకోవాలి, అంతే. ఎమర్జెన్సీలో 1976లో టార్గెట్లు పెట్టి మగవాళ్లను పట్టుకెళ్లినప్పటి భయం తరాలు మారినా పోలేదు. ఏటా నవంబరు చివర్లో వ్యాసెక్టమీ పక్షోత్సవాలని బ్యానర్ కట్టి ఫొటో దిగితే పోయే భయమా అది?

ఆడవాళ్లకైనా ఆపరేషన్ ఒక్కటే దారి కాదు. గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ ఇంజెక్షన్, నోటితో వేసుకునే ‘ఛాయ’ మాత్రలు, కాన్పయిన 48 గంటల్లోపు వేసే కాపర్-టి, అన్నీ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేవే. వీటి గురించి తీరిగ్గా చెప్పేవాళ్లు లేక ఆడపిల్లలంతా కత్తి కిందికే పోతున్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లులు ఆ తర్వాత వచ్చి ‘మేడం, ఆ ముడి విప్పడానికి కుదురుతుందా?’ అని అడిగితే ఏం చెప్పను? ట్యూబులు మళ్లీ కలిపే ఆపరేషన్ ఉంది గానీ, కలిపినా కడుపు పండుతుందన్న గ్యారంటీ లేదు.

తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్యాధికారులకు నా విన్నపం ఒక్కటే. ప్రతి నెలా 9న గర్భిణులకు పరీక్షలు చేసే రోజున భర్తల్ని కూడా లోపల కూర్చోబెట్టండి. వాళ్లకు చెప్పే పని మగ సిబ్బందికి అప్పగించండి. మేము చెబితే తల వంచుకుని వింటారు, గేటు దాటాక నవ్వుకుంటారు. ఏరియా ఆసుపత్రుల్లో వ్యాసెక్టమీ చేసే డాక్టరు ఏ రోజు ఉంటారో ఊరూరా తెలిసేలా చేయండి.

– విశ్రాంత ఏఎన్‌ఎం, పాకాల