కోయకుండా ఇచ్చిన గుండెకాయలకు కృతజ్ఞతలు

తిరుపతిలోని మా డిగ్రీ కాలేజీ జంతుశాస్త్ర విభాగం తరఫున రాస్తున్నాం. మొదటి సెమిస్టర్ మానవ జీవశాస్త్రం ప్రాక్టికల్స్ ఈ వారంతో పూర్తయ్యాయి. వాటికి చేయందించిన వాళ్లలో ఎక్కువమంది కాలేజీతో సంబంధం లేనివాళ్లు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఎవరు ఏం చేశారో, అది ఎందుకు అంత పనికొచ్చిందో మాత్రం రాస్తాం.

మొదటి నమస్కారం మటన్ కొట్టు భాయ్‌కి. జంతువుల డిసెక్షన్ (కోసి చూడడం) ఆపేయమని 2014లో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) చెప్పాక, గుండెను చేత్తో పట్టుకుని నేర్చుకోవాలంటే మాంసానికి కోసిన మేక గుండెకాయే దారి. మనిషి గుండెలాగే దానికీ నాలుగు గదులు, నాలుగు కవాటాలు (రక్తాన్ని వెనక్కి రానివ్వని తలుపులు). అయితే కొట్లో గుండెకాయ అడిగితే పైనున్న గొట్టాలన్నీ తీసేసి, మధ్యకు చీల్చి, నెత్తురు కడిగి ఇస్తారు. కూరకు అదే సరైన పద్ధతి. పాఠానికి కావలసిన మహాధమని (ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద గొట్టం), పుపుస ధమని (ఊపిరితిత్తులకు తీసుకెళ్లేది), మహాసిరలు (ఒంటి నుంచి రక్తం తెచ్చేవి), సగం కర్ణికలు (గుండె పై గదులు) ఆ తీసేసిన ముక్కతోనే పోతాయి. భాయ్ ఎనిమిది గుండెకాయలకు ఒక్క గాటు పడనివ్వలేదు. పైన రెండేసి అంగుళాల గొట్టం ఉంచి, తెల్లవారుజామున కోసినవాటిని తొమ్మిదికల్లా ఐసుపెట్టెలో అందించారు. ఆలస్యమైతే కండరం బిగుసుకుపోతుంది, జఠరికలోకి (కింది గదిలోకి) వేలు కూడా దూరదు.

నలుగురికి ఒక గుండె వచ్చింది. లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు కలిపి అందులో నెత్తురు గడ్డలు కడిగాం. వట్టి నీళ్లలో నానబెడితే కండరం పాలిపోయి ఉబ్బుతుంది. కుడి ఎడమలు తేల్చడం దగ్గరే పిల్లలు ఎక్కువగా తడబడతారు. ముందువైపు ఏటవాలుగా కొవ్వుతో నిండిన గాడి కనిపిస్తుంది, దానికి రెండు పక్కలా నొక్కి చూడాలి. గట్టిగా తగిలేది ఎడమ జఠరిక, మెత్తగా లోపలికి పోయేది కుడి. కొన దాకా దిగేది కూడా ఎడమదే. గొట్టాల్లో నొక్కి వదిలినా నోరు తెరుచుకునే ఉండేది ధమని, అణిగిపోయేది సిర.

కత్తెర ముందు కుడివైపే పెట్టాలి, పుపుస ధమని నుంచి కిందికి. మొన లోతుకు దించితే జఠరికలో అడ్డంగా ఉండే సన్నటి కండర తాడు తెగిపోతుంది. గుండెను కొట్టించే విద్యుత్ సంకేతం ముందు గోడకు చేరే అడ్డదారి అది, కాబట్టి కాపాడుకోవాలి. మూడు రేకుల కవాటాన్ని పట్టి ఉంచే తెల్లటి స్నాయు రజ్జువులు చూశాక, రేకులు కర్ణికలోకి ఎందుకు తిరగబడవో ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు.

గొట్టం మిగిలినందుకే నీళ్ల పరీక్ష కుదిరింది. ఎడమ జఠరికను కోయకముందు మహాధమనిని నిటారుగా పట్టుకుని నీళ్లు పోస్తే, అర్ధచంద్రాకార కవాటాలు మూసుకుని నీళ్లు పైనే నిలుస్తాయి. మట్టం మెల్లగా తగ్గితే కవాటం పాడైందని రికార్డులో రాసేయకూడదు. గుండె కండరానికే రక్తం తీసుకెళ్లే హృదయ ధమనుల ద్వారాలు ఆ రేకులకు కాస్త పైనే ఉంటాయి, నీళ్లు అటు దిగుతాయి. ఒక్కసారిగా జారిపోతేనే రేకు చిరిగినట్టు. ఈ ఒక్క పరిశీలన కోసమైనా ఆ రెండంగుళాలు అడిగి తీసుకోవాలని తోటి అధ్యాపకులకు మా మాట.

రెండో నమస్కారం రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్ సారుకు. రక్తం పూత వేయడం (మైక్రోస్కోపులో చూడడానికి స్లైడు మీద రక్తాన్ని పలుచగా పరచడం) ఆయన నేర్పినట్టు నేర్పడం మాకు చేతకాదు. స్పిరిట్ పూర్తిగా ఆరాకే ఉంగరపు వేలి పక్కన గుచ్చాలి, తడి ఉంటే ఎర్రకణాలు పగులుతాయి. మొదటి చుక్క తుడిచెయ్యాలి. గుండుసూది తలంత చుక్క చాలు. రెండో స్లైడును 30 నుంచి 45 డిగ్రీల వాలులో పట్టి, వెనక్కి జరిపి చుక్కను తాకించి, అంచు పొడవునా పాకనిచ్చి, ఆగకుండా ఒక్క ఊపున ముందుకు తోయాలి. వాలు నిటారుగా ఉన్నా, చుక్క పెద్దదైనా పూత మందమవుతుంది.

కణాలకు రంగు పట్టించే లీష్మన్ స్టెయిన్ చుక్కలు లెక్కపెట్టి వేసి 2 నిమిషాలు ఉంచాలి, అందులోని మిథనాల్ కణాలను స్లైడుకు పట్టిస్తుంది. తర్వాత దానికి రెండింతలు 6.8 పీహెచ్ బఫర్ నీళ్లు (ఆమ్ల, క్షార గుణం మారకుండా ఉండేవి) కలిపి 8 నుంచి 10 నిమిషాలు. క్షారగుణమున్న బోరు నీళ్లు వాడితే అంతా నీలిరంగుకు తిరుగుతుంది. మన ఎండకు, తలమీద ఫ్యానుకు స్టెయిన్ ఇట్టే ఆరిపోయి రవ్వలు రవ్వలుగా అంటుకుంటుంది, పిల్లలు వాటినే ప్లేట్‌లెట్లని గీస్తారు. సారు ప్రతి స్లైడు మీదా పెట్రీ డిష్ మూత బోర్లించమన్నారు. రంగు వంపేసి కడగకూడదట, రంగు ఉండగానే నీళ్లు పోసి తేల్చెయ్యాలట. ఆ రెండు మాటలతో రవ్వల బాధ పోయింది.

రక్తం గ్రూపులప్పుడు ఆయన మొదట చేసిన పని పుల్లలు విడివిడిగా పెట్టడం. నీలిరంగు యాంటీ-ఎ, పసుపు యాంటీ-బి సీరాలను (గ్రూపును బట్టి రక్తాన్ని గడ్డకట్టించే ద్రవాలను) ఒకే పుల్లతో కలిపితే, సీరాలు కలిసిపోయి లేని గ్రూపు వస్తుంది. 2 నిమిషాల్లో చూసెయ్యాలి, ఆలస్యమైతే అంచులు ఎండి గడ్డకట్టినట్టు కనిపిస్తుంది. వేలు గుచ్చడానికి వాడిన లాన్సెట్లన్నీ (చిన్న సూదులు) గుచ్చుకోని తెల్లటి డబ్బాలోకే వెళ్లాయి. వేలు గుచ్చుకోవడం ఇష్టంలేని వాళ్లను ఎవరూ బలవంతపెట్టలేదు, వాళ్లకు తయారు స్లైడులు ఇచ్చాం.

ఆదివారం అలిపిరి మెట్ల దారిలో నాడి లెక్కకు తోడొచ్చిన పూర్వ విద్యార్థులకూ, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల కోసం రెండు భాషల్లో చార్టు రాసిచ్చిన టీచరమ్మకూ కృతజ్ఞతలు. గాలిగోపురం దగ్గర ఆగిన వెంటనే 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించమన్నది పూర్వ విద్యార్థులే. నిమిషమంతా లెక్కపెడితే ఈలోపే నాడి దిగి తక్కువ అంకె వస్తుంది. బొటనవేలితో చూడకూడదు, చూసేవాళ్ల నాడే అందులో కొట్టుకుంటుంది.

సారు వేసినవాటిలో పన్నెండు పూతలు చక్కగా కుదిరాయి. ఆయన అనుమతితో వాటిని పెట్టెలో భద్రపరిచాం. చిత్తూరులో గానీ, శ్రీకాళహస్తిలో గానీ ఏ కాలేజీకి కావాలన్నా వారం రోజులకు ఇస్తాం. మైక్రోస్కోపు 100ఎక్స్ లెన్సుతో, స్లైడు మీద నూనె చుక్క వేసి చూశాక ఆ నూనెను లెన్సు కాగితంతో అద్ది తీసి తిరిగివ్వండి. రుద్దితే పూత లేచిపోతుంది.