పేరున్న పేషెంట్లు, వాళ్ల ఫొటోలు

అందరికీ నమస్కారం. సినిమా, టీవీ వాళ్లు సర్జరీకి వచ్చినప్పుడు మనం పాటించాల్సినవి మరోసారి చెబుతున్నాను.

సర్జరీకి ముందు, తర్వాత ఫొటోలు క్లినిక్ కెమెరాతోనే తీయండి. సొంత ఫోన్ వద్దే వద్దు. గ్యాలరీ దానంతట అదే క్లౌడ్‌లోకి ఎక్కిపోతుంది, ఫోన్లో డిలీట్ చేసినా అక్కడ కాపీ మిగిలిపోవచ్చు. కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే చాలనుకోకండి. చెవి ఆకారం, మెడ మీద పుట్టుమచ్చ చూసి అభిమానులు ఇట్టే పట్టేస్తారు.

2017లో లండన్ బ్రిడ్జ్ ప్లాస్టిక్ సర్జరీ క్లినిక్ నుంచి హ్యాకర్లు పేషెంట్ల ఫొటోలు ఎత్తుకుపోయారు. అది బయటివాళ్ల పని. నా టెన్షన్ అంతా లోపలివాళ్ల కుతూహలం గురించే. అమెరికాలో యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) ఆస్పత్రుల ఉద్యోగులు అవసరం లేకుండా ప్రముఖుల రికార్డులు తెరిచారన్న ఫిర్యాదుల మీద 2011లో ఆ సంస్థ 8,65,500 డాలర్లు కట్టింది. అందుకే, మీ కేసు కాకపోతే ఫైల్ తెరవొద్దు. ఎవరు, ఎప్పుడు తెరిచారో సిస్టమ్‌లో నమోదవుతుంది.

ఎవరైనా ఫోన్ చేసి "ఆవిడ మీ దగ్గరికి వచ్చారట కదా" అంటే "రాలేదు" అని కూడా అనకండి. రేపు ఇంకొకరి గురించి అడిగినప్పుడు ఆ మాట అనలేకపోతే, అదే జవాబైపోతుంది. "పేషెంట్ల గురించి ఏమీ చెప్పం" అని అందరికీ ఒకటే మాట, ఇంట్లోవాళ్లకి కూడా. పేషెంటే ఇంటర్వ్యూలో చెప్పుకున్నా సరే, మన నోట రాకూడదు.

ఈ గ్రూప్‌లో కూడా పేర్లు, ఫొటోలు పెట్టకండి. డౌట్ ఉంటే నాకు నేరుగా ఫోన్ చేయండి.