కీబోర్డు బాబాయికి నిజం చెప్పావా నాన్నా?

ఎడ్మంటన్, కెనడా,
ఫిబ్రవరి 2, రాత్రి

నాన్నా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటని కంగారుపడకు. అందరం బాగున్నాం. ఫోన్‌లో అయితే అమ్మ స్పీకర్ పెట్టి, తాలింపు వేస్తూ మధ్యలో తనూ మాట్లాడుతుంది. నీకు గిట్టని మాట రాగానే నువ్వు "సిగ్నల్ లేదమ్మా" అని పెట్టేస్తావు. కాగితానికి సిగ్నల్ గొడవ లేదు.

చలి ఇవాళ మైనస్ 27. ఫోన్‌లో నువ్వు చూసే ఉంటావు, అయినా నా నోటితో చెబితే తప్ప నమ్మవు. రాత్రి కారు ఇంజన్‌కు ఉన్న వైరు ప్లగ్గులో పెట్టి పడుకోవాలి, లేకపోతే పొద్దున స్టార్ట్ కాదు. బుడ్డోడు రోజూ "కారుకి ఛార్జింగ్ పెట్టారా?" అని అడిగి గానీ దుప్పటి కప్పుకోడు. ఆఫీసు మామూలే. జీతం టైముకి వస్తోంది, అంతకంటే చెప్పడానికేం లేదు.

మొన్న శనివారం పక్కింటి పెద్దాయన ఇంటికి సినిమా చూడ్డానికి వెళ్లాం. అదే, మా వాకిట్లో మంచు తోసిపెడతాడని చెప్పానే, ఆయనే. మేమిద్దరం, వరంగల్ వాళ్లిద్దరూ, కింది వాటాలో అద్దెకుండే కరీంనగర్ అబ్బాయి. నేను సర్వపిండి చేసి పట్టుకెళ్లాను. ఆ రాత్రి అందరూ ఒప్పుకున్నది ఆ సర్వపిండి ఒక్కటే. సినిమా దగ్గరికొచ్చేసరికి ఆరుగురం ఆరు దిక్కులయ్యాం.

పేరు హార్డ్ కోర్ లోగో. 1996 నాటి కెనడా సినిమా. అదే పేరున్న పంక్ బ్యాండ్ ఒకటి విడిపోయి, కొన్నేళ్లకు మళ్లీ కలిసి, వ్యాన్ వేసుకుని ప్రోగ్రాములు కొట్టడానికి బయల్దేరుతుంది. వాంకూవర్‌లో మొదలుపెట్టి కాల్గరీ, రెజీనా, విన్నిపెగ్, సాస్కటూన్ తిరిగి చివరి షో మా ఎడ్మంటన్‌లో. దూరాలు నీకు తెలియాలంటే, వీటిలో దగ్గరి ఊళ్లు రెజీనా, సాస్కటూన్. అదే మనకు హైదరాబాద్ నుంచి విజయవాడ అంత. మిగతావన్నీ ఇంకా దూరం. దారిలో చాలాచోట్ల చెట్టూ పుట్టా ఉండదు, ఉన్నదంతా వ్యాన్‌లో మనుషుల మధ్యే.

పంక్ అంటే నీకెలా చెప్పాలి? శ్రుతి కంటే కోపం ముఖ్యమైన పాట. గిటార్ మీద మూడు కార్డ్స్ వస్తే చాలు, గొంతు చించుకోవచ్చు. నువ్వైతే మొదటి పాటకే లేచి వాల్యూమ్ తగ్గించేవాడివి. కథంతా కల్పనే, కానీ డాక్యుమెంటరీ తీస్తున్నట్టు తీశారు. మోక్యుమెంటరీ అంటారు. దర్శకుడు బ్రూస్ మెక్‌డొనాల్డ్ తన సొంత పేరుతోనే కెమెరా పట్టుకుని వాళ్ల వెంట తిరుగుతాడు. దాంతో నీ అల్లుడు అరగంట పాటు అది నిజం బ్యాండే అనుకున్నాడు. పైగా మధ్యలో రామోన్స్ అనే నిజం పంక్ బ్యాండులో పాడే జోయి రామోన్ తనే కనిపిస్తాడు, ఇక నమ్మకేం చేస్తాడు! ఫోన్ తీసి వాళ్లిప్పుడెక్కడున్నారో వెతికి, లేరని తెలిశాక మొహం మాడ్చుకున్నాడు. "ముందే చెప్పొచ్చుగా" అని ఇప్పటికీ గొణుగుతున్నాడు. అతని తప్పేం లేదు. అందులో పాడే జో వేషం వేసిన హ్యూ డిల్లన్ బయట కూడా పాటగాడే, హెడ్‌స్టోన్స్ అనే బ్యాండులో. మైకు పట్టుకున్న తీరులోనే తెలిసిపోతుంది. ఆ చెయ్యి పోజుకి పట్టుకున్న చెయ్యి కాదు.

వరంగల్ అక్కకి పది నిమిషాలకే విసుగొచ్చింది. నోరు తెరిస్తే బూతులు, ఆడది అనేది ఒక్కతి సరిగ్గా కనిపించదు, నలుగురు మగాళ్లు ఎదగకుండా ఉండిపోవడం కూడా ఒక కథేనా అని లేచి వంటింట్లోకి వెళ్లింది. మాట న్యాయమే, నేను కాదనను. కానీ టీ కప్పు పట్టుకుని వచ్చి, కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడి చివరిదాకా చూసింది. వాళ్లాయన నిద్రపోయాడు. ఆయన అభిప్రాయం గురకే.

కరీంనగర్ అబ్బాయి మాత్రం పండగ చేసుకున్నాడు. వాడు కాలేజీ రోజుల నుంచి వినే బిల్లీ టాలెంట్ అనే బ్యాండుకు ఈ సినిమాలో గిటార్ వాయించే బిల్లీ పేరే పెట్టారట, స్పెల్లింగ్‌లో ఒక ఎల్ తీసేసి. లేని మనిషి పేరు నిజంగా ఉన్న బ్యాండుకి వచ్చింది చూశావా! హాలీవుడ్ దర్శకుడు టరంటినో దీని అమెరికా హక్కులు కొన్నాడని కూడా వాడే చెప్పాడు, అదేదో వాళ్ల మేనమామ కొన్నట్టు. అంత మెచ్చుకున్నవాడు చివరికొచ్చేసరికి చిన్నబుచ్చుకున్నాడు. ఎందుకంటే, ఎడ్మంటన్ షోలో జో, బిల్లీ స్టేజి మీదే కొట్టుకుంటారు. ఆ తర్వాత బయట కెమెరా ముందు, ఏ హెచ్చరికా లేకుండా, జో తనను తాను కాల్చుకుంటాడు. గదిలో ఎవరూ కదల్లేదు. "గంటన్నర నవ్వించి ఇదేం మోసం?" అన్నాడు ఆ అబ్బాయి. 1984లో వచ్చిన దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్ కూడా ఇలాంటి ఉత్తుత్తి డాక్యుమెంటరీయే కదా, అందులో చివరిదాకా నవ్వుకోవచ్చు కదా అని వాడి వాదన. పెద్దాయన చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "నువ్వు నవ్వుతున్నప్పుడు నేను నవ్వలేదు, గమనించావా?" అన్నాడు. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు ఇలాంటి బ్యాండుల వెనక తిరిగాడట. వ్యాన్ ఎక్కినప్పుడే జో కళ్లల్లో అది ఉంది, మీరు చూడలేదు అంటాడు. వాళ్లిద్దరికీ వాదన పెద్దదైంది.

నేను వాదనలోకి దిగలేదు. నా మనసు వ్యాన్‌లోనే ఉండిపోయింది.

మన ఆర్కెస్ట్రా మెటడార్ వ్యాన్ నీకు గుర్తొస్తోందా? గణేశ్ నవరాత్రుల్లో రోజుకో పందిరి. నేను స్పీకర్ల మీద కప్పే గుడ్డ పరుచుకుని వెనక పడుకునేదాన్ని. ముందు సీట్లో నువ్వూ కీబోర్డు బాబాయీ రేపటి పాటల వరస గురించి పోట్లాడుకుంటూ ఉంటే నాకు హాయిగా నిద్రపట్టేది. నిజామాబాద్ నుంచి వచ్చిన రాత్రి మాత్రం మెలకువ వచ్చింది. ఎందుకో తెలుసా? ఎవరూ మాట్లాడడం లేదు. బోయిన్‌పల్లి దాకా ఎవరూ మాట్లాడలేదు. ఆ సంగతి నేనిప్పుడు ఎత్తను, నువ్వూ ఎత్తకు. ఎవరిది తప్పో నాకు తెలియాల్సిన పని లేదు.

ఆ సినిమాలో వాళ్లు ఎలా కలుస్తారో తెలుసా? బకీ హెయిట్ అని జోకి గురువు లాంటి పాటగాడు. అతణ్ణి ఎవరో కాల్చారని, కాళ్లు తీసేశారని జో చెబుతాడు. అతని సాయం కోసం ఒక్క షో అంటే అందరూ కరిగిపోయి వస్తారు. ఆ ఒక్క షోనే తర్వాత టూర్ అవుతుంది. దారిలో బకీ ఇంటికి వెళ్తే, అతను రెండు కాళ్ల మీదా నిలబడి ఉంటాడు! జోకి మిత్రులు కావాలి, ఆ మాట నోటితో అడగలేక అంత అబద్ధం ఆడాడు. అడిగి ఉంటే బిల్లీ వచ్చేవాడా? ఏమో, రాకపోయేవాడేమో. కానీ రాకపోవడం కూడా అతని ఇష్టమే కదా.

నాన్నా, డ్రమ్స్ వాయించే లాలాగూడ అంకుల్‌కి నువ్వేం చెప్పావు? "కీబోర్డు బాబాయే ఫోన్ చేసి ఏడ్చాడు, ఒక్కసారి అందరం కలిసి వాయిద్దాం అన్నాడు" అని కదా? బాబాయికేమో "లాలాగూడ వాడు మంచానపడ్డాడు, చివరి కోరికలాగా అడుగుతున్నాడు" అన్నావట. లాలాగూడ అంకుల్ పొద్దున్నే మెట్టుగూడ దాకా నడిచి వస్తాడని నాకు తెలుసు. ఎవరు చెప్పారని అమ్మ మీద ఎగరకు. అమ్మ చెప్పలేదు, నేనే కనిపెట్టాను అనుకో. నువ్వు చెడ్డ ఉద్దేశంతో చేశావని నేను అనడం లేదు. జో లాంటివాడివని అసలే అనడం లేదు, ఈ పోలికకి నువ్వు అలుగుతావని తెలిసే రాస్తున్నాను. ఉగాదికి త్యాగరాయ గానసభ బుక్ చేశావు, అడ్వాన్స్ కట్టావు. రిహార్సల్‌కి ఇద్దరూ ఒకే రోజు వస్తారు. లాలాగూడ అంకుల్ తనే సైడ్ డ్రమ్ భుజాన వేసుకుని మెట్లెక్కి వస్తుంటే బాబాయి చూస్తాడు. అప్పుడేం చేస్తావు?

ఆ సినిమాలో నాకు నచ్చింది ఒకటుంది. ఒక్కొక్కరినీ విడిగా కెమెరా ముందు కూర్చోబెడతారు. వ్యాన్‌లో పళ్లు నూరుకున్నవాళ్లు ఒంటరిగా కూర్చున్నప్పుడు వేరే మనుషులైపోతారు. మన వాళ్లని అలా కూర్చోబెడితే ఎలా ఉంటుందా అని నిద్రపట్టక ఊహించుకున్నాను. లాలాగూడ అంకుల్ "ప్రోగ్రామ్ ఎన్నింటికి? బిర్యానీ చెప్పారా?" అంటాడు, అంతే. కోరస్ అత్తలిద్దరూ చీరల రంగు తేలాకే మాట్లాడతారు. అమ్మ కెమెరా వైపు చూడకుండా "ఈ ఇంట్లో గిటార్‌కి ఉన్న కవరు నాకున్న శాలువా కంటే ఖరీదు" అంటుంది. కీబోర్డు బాబాయి ముందు చేతి రుమాలుతో కుర్చీ తుడుచుకుంటాడు. తర్వాత "వాడి లీడ్ గిటార్ లేకపోతే నా కీబోర్డు వట్టి పెట్టె" అంటాడు. నవ్వకు, ఆ మాట నాతో నిజంగానే అన్నాడు. నా పెళ్లిలో, చేతులు కడుక్కునే చోట. నీతో చెప్పొద్దన్నాడు, అందుకే ఇన్నేళ్లు చెప్పలేదు. నువ్వు అడిగితే వస్తాడు నాన్నా. లాలాగూడ అంకుల్‌ని మంచాన పడేయక్కర్లేదు.

నువ్వు కెమెరా ముందు ఏమంటావో మాత్రం ఎంత ఆలోచించినా తట్టలేదు. సంగీత్ థియేటర్‌లో ఇంగ్లిష్ సినిమా చూసి వస్తూ, గిటార్ మోగిన చోటల్లా నీ వేళ్లు నా భుజం మీద కదలడం ఒక్కటే కనిపిస్తోంది.

ఇంత నీతులు చెప్పే దానివి నువ్వేం చెప్పావు అంటావు. సరే, నాదీ ఒకటుంది. నవంబర్‌లో బస్టాపు దగ్గర మంచు మీద జారి పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. వీడియో కాల్‌లో నేను ఎప్పుడూ కుడిచేత్తోనే ఫోన్ పట్టుకుని, "ఇంకో చేతిలో పిండి ఉంది" అన్నది అందుకే. అన్నిసార్లు పిండేమిటని అమ్మకి ఒకసారి అనుమానం కూడా వచ్చింది. ఇప్పుడు పూర్తిగా బాగుంది, ఈ ఉత్తరం కాగితం ఆ చేత్తోనే ఒత్తిపట్టుకుని రాస్తున్నాను. మీరు భయపడతారని చెప్పలేదు. చెప్పకపోవడం తప్పే. కానీ దీనికి టికెట్ బుక్ చేసుకుని బయల్దేరకండి, ఈ చలిలో నువ్వు రెండు రోజులు ఉండలేవు.

ఇంకోటి. ఆ బ్యాండులో బేస్ వాయించే జాన్ అనే అతను డైరీ రాస్తుంటాడు, నాకు అందరికంటే అతనే నచ్చాడు. దారిలో అతని మాత్రలు పోతాయి, ఆ తర్వాత మనిషి చెదిరిపోతూ ఉంటాడు. చూస్తున్నంతసేపూ నీ బీపీ బిళ్లల డబ్బా గుర్తొచ్చింది. సోమవారం గడిలో బిళ్ల బుధవారం దాకా ఉంటుందట కదా. ఇది మాత్రం అమ్మే చెప్పింది, కావాలంటే దీనికి ఎగురు.

నుమాయిష్‌కి వెళ్లారా? 15తో అయిపోతుంది. అమ్మకి నడవడం కష్టమైతే వద్దు, నువ్వు ఒక్కడివీ వెళ్లి బుడ్డోడికి కొయ్య గుర్రమో ఏదో కొను. వాడు తాతయ్య స్టేజి మీద ఏం వాయిస్తాడని రోజూ అడుగుతున్నాడు. మీకక్కడ రాత్రి ఏడు గంటలకి ప్రోగ్రామ్ అంటే మాకు పొద్దున ఏడున్నర. వాణ్ణి లేపి కూర్చోబెడతాను, ఎవరితోనైనా వీడియో పెట్టించు. మైకు దగ్గర కాకుండా కాస్త వెనక నిలబడి తీయమను, బాబాయి కూడా కనపడాలి.

కరీంనగర్ అబ్బాయి 12న బయల్దేరుతున్నాడు. వాడితో గిటార్ తీగలు రెండు సెట్లు పంపుతున్నాను, నువ్వు అడిగిన సన్నవే. బాబాయికి పియానో కీస్ తుడిచే మెత్తటి గుడ్డ ఒకటి. అది నువ్వే వాళ్లింటికి తీసుకెళ్లి ఇవ్వాలి, కొరియర్ చేయకు. వాడు తిరిగి వచ్చేటప్పుడు అమ్మని గోంగూర పచ్చడి ఇవ్వమను. క్రితంసారి నూనె కారి పాపం వాడి చొక్కాలన్నీ పాడయ్యాయి, మూత మీద టేపు రెండు చుట్లు వేయమను.

నీ
చిన్ని