మా నాయినను కాచుకుంటున్న మా ఊరికి దండం

కనగల్ దారిలో మా బత్తాయి తోట తెలిసినవాళ్లకు నాయిన ఎలాంటి మనిషో చెప్పక్కర్లేదు. ఒకరి సొమ్ము రూపాయి ముట్టడు. అలాంటి మనిషి 54 ఏండ్ల వయసులో కిరాణం కొట్టులో సీసా మూత తీసి, పల్లీ పట్టీలు పట్టుకుని, పైసలియ్యకుండా వచ్చేయడం మొదలుపెట్టాడు. అడిగితే నవ్వేవాడు.

అంతకుముందు నాయనమ్మ పోయింది. పాడె లేపుతుంటే నాయిన కండ్లల్లో తడి లేదు. లోపలికి పోయి టీవీ పెట్టుకున్నాడు. ‘కన్నతల్లి పోయినా కరగలే’ అన్నారు జనం. నిజం చెప్తున్నా, నేనూ అదే అనుకున్నా. మూడు నెలలు నాయినతో మాట్లాడలేదు.

మొదట డిప్రెషన్ అన్నారు. తర్వాత ఇంకోచోట మతిమరుపు బిళ్లలు రాస్తే చిరాకు ఇంకా పెరిగింది. అసలు నాయినకు మతిమరుపే లేదు, ఏ చెట్టు ఏ ఏడు ఎంత కాసిందో ఇప్పటికీ చెప్తాడు. చివరికి హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్టు మేడం ఎంఆర్ఐ ఫిల్మును లైటుకు పెట్టి చూపించింది. మెదడు వెనక భాగం నిండుగా ఉంది. నుదుటి వైపు మాత్రం, చెట్టు మీదే ఎండిన బత్తాయిని కోస్తే తొనలు తొక్కను విడిచి ముడుచుకుని ఉంటాయే, అట్లా ఉంది. నడుమ నల్లటి సందులు.

ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా అంది, అంటే మెదడు ముందు, పక్క భాగాలు కుంచించుకుపోయే జబ్బు. టావ్, టీడీపీ-43 లాంటి ప్రోటీన్లు నరాల కణాల్లో పేరుకుపోయి కణాలు చచ్చిపోతాయట. ఎదుటివాళ్ల బాధ మనకు తాకడం, చెయ్యకూడనిది చెయ్యకుండా ఆగడం ఆ ముందు భాగం పనే. తీపి మీద యావ కూడా ఈ జబ్బులో మామూలేనట. ఎక్కువమందికి 45–65 ఏండ్ల మధ్యే మొదలవుతుంది. ప్రేగ్‌లో ఆర్నాల్డ్ పిక్ అనే డాక్టరు 1892లోనే ఇలాంటి రోగి గురించి రాశాడు. నయం చేసే మందు ఇంకా లేదు. మేడం ఆ బిళ్లలు ఆపించి, చిరాకు తగ్గడానికి వేరే మందు రాసింది. మా అమ్మ చెయ్యి పట్టుకుని, “ఏడ్వకపోవడం ఆయన తప్పు కాదమ్మా, ఏడిపించే కణాలే పోయాయి” అంది. రెండేండ్ల తర్వాత అమ్మ ఆ రోజు కడుపు నిండా తిన్నది. మేడం, మీ రుణం తీర్చుకోలేను.

నాయిన రోజూ ఒకే దారిలో నల్లగొండ వైపు నడుచుకుంటూ పోతాడు. మూడుసార్లు ఎండలో ఆపి, ఇంటి దాకా దింపి, కిరాయి తీసుకోని ఆటో తమ్ముడికి దండం. నాయిన నోటికొచ్చింది అన్నా మనసులో పెట్టుకోని బస్టాండు దగ్గరి అక్కలకు కూడా.

ఇక కిరాణం కాకా, నీకు ఏం చెప్పాలి? మొన్న వచ్చినప్పుడు నీ నోట్‌బుక్కు చూశాను. ఒక పేజీ పైన ‘అన్న’ అని రాసి, కింద పెన్సిలుతో రోజుకింత అని నిలువు గీతలు పెట్టావు. స్టూలెక్కి పడతాడేమో అని పట్టీల సీసాను కింది అరలోకి దించావు. ఎవరో దొంగ అంటే, “అన్నకు మెదడు జబ్బు. కొట్టు నాది, పట్టీలు నావి, నీకేంది?” అన్నావట. అమ్మ చెప్తూ ఏడ్చింది.

ఆదివారం మిర్యాలగూడ నుంచి వస్తున్నా. పోయిన నెల లెక్కలో సగమే తీసుకున్నావు. ఈసారి అన్ని గీతలూ లెక్కపెట్టి తీసుకో కాకా.